ఎనిమిదేండ్ల పిస్టళ్ళు పక్కకు, త్రీనాట్‌త్రీలు అట్లనే: పోలీసు ఆయుధాల మార్పిడి ఎట్ల జరగాలె?

#1 కాజీపేట_జంక్షన్

మన ఉత్తర తెలంగాణల ఒక పోలీసు యూనిట్ ముచ్చట. పేరు రాయను. ఎనిమిదేండ్ల కింద వచ్చిన 9 ఎంఎం పిస్టళ్ళన్నిటికి ఒక్కసారే "సర్వీసు కాలం ముగిసింది" అని రాసి, కొత్త విదేశీ మోడల్‌కు ప్రతిపాదన పంపిన్రు. అదే యూనిట్‌ల గార్డు డ్యూటీకి త్రీనాట్‌త్రీలు (పాత .303 రైఫిళ్లు) ఇంక నడుస్తనే ఉన్నయ్. వాటి ఊసే లేదు.

ప్రతిపాదనల పిస్టల్ ధర ఉన్నది, ఒక్కోదానికి రెండు మ్యాగజైన్లు ఉన్నయ్. విడి స్ప్రింగులు లేవు, గేజ్‌లు (అరుగుడు కొలిచే పనిముట్లు) లేవు, ఆర్మరర్‌కు (ఆయుధాలు బాగుచేసేటోనికి) ట్రైనింగ్ లేదు, ప్రాక్టీసు రౌండ్లు లేవు. గిట్ల కొనుడు సరైనదేనా? పాత పిస్టల్ నిజంగ పనికిరాదని ఎట్ల తేలుస్తరు? పక్కకు పెట్టినవి ఎటు పోతయ్? తెలిసినోళ్లు వివరంగ చెప్పాలె.

#2 బోల్ట్‌హెడ్_3

పిస్టల్‌కు క్యాలెండర్ చూసి వయసు కట్టరు తమ్మి, కాల్చిన రౌండ్లు చూసి కడతరు. ప్రతి ఆయుధానికి ఒక హిస్టరీ షీట్ ఉండాలె. బాడీ నంబర్, వచ్చిన తారీఖు, ఏ రోజు ఎన్ని రౌండ్లు కాలినయ్, ఏ పార్టు మారింది, గేజ్ ఎవరు పెట్టిన్రు, అన్నీ అండ్ల ఉంటయ్. ఆ కాగితం లేకుంట "కాలం ముగిసింది" అంటే ఆ మాటకు ఆధారం లేదు.

లెక్క ఏసి చూడు. ఒక్కో పిస్టల్ మీద ఏడాదికి 60 రౌండ్లు కాలుస్తున్రు అనుకో. ఎనిమిదేండ్లకు 480. సరిగ్గ చూసుకున్న 9 ఎంఎం సర్వీసు పిస్టల్ బ్యారెల్ పదివేల రౌండ్లు దాటినా నడుస్తది. నడుమ పోయేటివి స్ప్రింగులు. గ్లాక్ పిస్టల్ రికాయిల్ స్ప్రింగు (కాల్చినంక స్లైడ్‌ను మళ్ల ముందుకు తోసేది) 3,000 నుంచి 5,000 రౌండ్లకు ఒకసారి మార్చాలె అంటరు. మొదటి స్ప్రింగు మార్చే వంతు కూడ రాని పిస్టల్‌ను పూర్తిగ మార్చుడంటే, ఒక్క సర్వీసింగు కూడ కాని బండిని తుక్కుకు అమ్మినట్టు.

పనికిరాదని రాసే ముందు ఏం చూడాలె? ముందుగల ఖాళీ ఉన్నదని చూసుకొని విప్పి కడగాలె. బ్యారెల్‌ను వెలుతురుకు పట్టి చూస్తే లోపల నల్లటి ఉంగరం లెక్క నీడ కనబడితే అది ఉబ్బిన బ్యారెల్. ఒక బుల్లెట్ లోపల ఇరుక్కున్నంక ఇంకోటి కాలిస్తే గట్లయితది, దాన్ని అప్పుడే పక్కకు పెట్టాలె. తర్వాత చాంబర్ గేజ్. 9 ఎంఎం రౌండు చాంబర్‌ల కేసు (ఇత్తడి గొట్టం) మూతి మీద ఆనుతది కాబట్టి హెడ్‌స్పేస్, అంటే ఆ ఆనే చోటు నుంచి వెనక స్లైడ్ మొఖం దాక ఉన్న దూరం, 19.15 మి.మీ.కు తగ్గొద్దు, 19.71 దాటొద్దు. స్లైడ్ లగ్గుల (బిగించి పట్టే పళ్ల) కాడ, ఫ్రేమ్ రైళ్ల కాడ సన్న పగుళ్లు కంటికి కనబడయ్. ఎర్ర డై పూసి, తుడిచి, డెవలపర్ చల్లితే గీత తేలుతది. రికాయిల్ స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టి పొడుగు కొలవాలె. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును గుంజే కొక్కెం) కొన చూడాలె. ఆఖరికి 25 మీటర్ల కాడ రెస్టు మీద పెట్టి అయిదు రౌండ్లు. టార్గెట్ మీద గుండ్రటి బొక్కకు బదులు పొడుగు బొక్క పడిందంటే బుల్లెట్ అడ్డం తిరుగుతున్నట్టు, రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలికల గాళ్లు) పోయినట్టు.

ఇన్ని చూస్తే వంద పిస్టళ్ళల నిజంగ పోయినవి కొన్నే తేలుతయ్. అన్నిటికీ ఒకటే తారీఖు, ఒకటే కారణం రాసి ఉందంటే ఎవరూ విప్పి చూడలే.

#3 జమ్మికుంట_వాసి

ఆ ఉంగరం లెక్క నీడ సంగతి నాకు ఇయ్యాలనే తెలిసింది. బోల్ట్‌హెడ్ అన్నా, స్ప్రింగు ఎంత కుదిస్తే మార్చాలె?

#4 బోల్ట్‌హెడ్_3

మోడల్ మోడల్‌కు వేరే ఉంటది తమ్మి, కంపెనీ మాన్యువల్‌ల ఉన్నదే లెక్క. మాన్యువల్ లేకుంటే ఒక చిన్న పరీక్ష ఉన్నది. ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకొని, మూతి పైకి లేపి, స్లైడ్‌ను వెనకకు గుంజి మెల్లగ ముందుకు పోనియ్యాలె. పూర్తిగ మూసుకోకుంట నడుమ ఆగిందంటే స్ప్రింగు అలిసిపోయింది. గ్లాక్ రకానికి ఇది బాగ పనిచేస్తది.

#5 ములుగు_రోడ్

రౌండ్లే లెక్క అనే మాటను నేను పూర్తిగ ఒప్పుకోను. మన దగ్గర పిస్టల్ కాల్చేది తక్కువ, మోసేది ఎక్కువ. గన్‌మెన్ నడుముకు పన్నెండు గంటలు ఉంటది. చెమటల ఉప్పు, వానకాలం తేమ. గ్రిప్పు కింద, మ్యాగజైన్ క్యాచ్ కాడ, సైట్ల కింద తుప్పు మొదలయితది, పైకి కనబడది.

ఇంకోటి. డ్యూటీ ఎక్కేటప్పుడు లోడ్, దిగేటప్పుడు అన్‌లోడ్. రోజూ అదే రౌండు చాంబర్‌లకు పోయి వస్తది. ర్యాంపుకు (చాంబర్‌లకు ఎక్కే ఏటవాలుకు) తగిలి తగిలి బుల్లెట్ కేసు లోపలికి దిగుతది. లోపల జాగ తగ్గి ప్రెషర్ పెరుగుతది. గట్లాంటి రౌండు కాల్చినప్పుడు చాంబర్ పగిలితే తప్పు పిస్టల్ మీదికి వస్తది.

#6 బోల్ట్‌హెడ్_3

ములుగు_రోడ్ చెప్పింది నిజం, నేను రాయాల్సి ఉండె. కని దానికి మందు కొత్త పిస్టల్ కాదు గద. పై రౌండును కొత్త రౌండు పక్కన నిలబెట్టి చూస్తే పొడుగు తేడా కంటికే తెలుస్తది. పొట్టిగైనదాన్ని డ్యూటీ నుంచి తీసి పక్కకు పెట్టాలె. మ్యాగజైన్‌ల పై రౌండు, కింది రౌండు వారానికి ఒకసారి మార్చాలె. నెలకొకసారి గ్రిప్పు విప్పి నూనె గుడ్డతోని తుడవాలె. ఈ పని చేయని యూనిట్‌ల కొత్త పిస్టల్‌కు కూడ నాలుగేండ్లల్ల అదే తుప్పు పడతది.

#7 ఓరుగల్లు_లెక్కలు

డబ్బు ఎటు నుంచి వస్తుందో చూడకుండా కొనుగోలు అర్థం కాదు. రాష్ట్రాల పోలీసు ఆధునికీకరణకు కేంద్ర పథకం 1969-70 నుంచి ఉంది. తెలంగాణ లాంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే రాష్ట్రస్థాయి సాధికార కమిటీ ఏటా కార్యాచరణ ప్రణాళికను ఆమోదించి కేంద్ర హోంశాఖకు పంపుతుంది. 2021-22 నుంచి 2025-26 వరకు మొత్తం గొడుగు పథకానికి 26,275 కోట్లు పెట్టారు, అందులో రాష్ట్రాల ఆధునికీకరణ భాగం 4,846 కోట్లు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వినియోగ ధ్రువపత్రం ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగుతుంది. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో తొందరగా ఖర్చు చూపించగల వస్తువు కావాలి. పిస్టల్ ఒక్క ఇన్‌వాయిస్‌తో పెద్ద మొత్తం చూపిస్తుంది. స్ప్రింగులు, గేజ్‌లు, క్లీనింగ్ రాడ్లు చిన్న మొత్తాలు, వేర్వేరు ఇండెంట్లు, పని ఎక్కువ. పైగా విడిభాగాలు రోజువారీ నిర్వహణ పద్దులో రావాలి, ఆ పద్దు ఎప్పుడూ ఖాళీయే. కొత్తది కొనడానికి డబ్బు ఉంటుంది, ఉన్నదాన్ని బాగుచేయడానికి ఉండదు. కాజీపేట_జంక్షన్ చెప్పిన ప్రతిపాదనలో విడిభాగాలు లేకపోవడానికి దురుద్దేశమే అక్కర్లేదు, ఈ పద్దుల అమరిక చాలు. కానీ ఫలితం అదే: రెండో ఏడాదికి పిస్టల్ పెట్టెలో పడి ఉంటుంది.

2021 అక్టోబర్ 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలు చేశారు. చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న ఒక కంపెనీ కింద, మందుగుండు పుణె కేంద్రంగా ఉన్న ఇంకో కంపెనీ కింద పడ్డాయి. అంటే తుపాకీ ఒక ఆర్డరు, రౌండ్లు ఇంకో ఆర్డరు. రెండో ఆర్డరు మరిచిపోతే తుపాకీ వస్తుంది, రౌండ్లు రావు.

#8 కాజీపేట_జంక్షన్

లెక్కలు సార్, ఈ పద్దుల సంగతి నాకు అసలు తెల్వదు. అంటే విడిభాగాలు పిస్టల్ ధరలనే కలిపి టెండర్ పెట్టొచ్చా?

#9 భద్రకాళి_గట్టు

పెట్టొచ్చు, పెట్టాలి కూడా. ఒకే షెడ్యూలులో ఇలా రాస్తారు: 100 పిస్టళ్ళు, పిస్టల్‌కు 4 మ్యాగజైన్లు, ప్రతి 10 పిస్టళ్ళకు ఒక విడిభాగాల కిట్ (రికాయిల్ స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ లేదా స్ట్రైకర్, స్లైడ్ స్టాప్ స్ప్రింగు, మ్యాగజైన్ స్ప్రింగులు), ఆర్మరీకి ఒక గేజ్ సెట్, ఇద్దరు ఆర్మరర్లకు శిక్షణ, పదేళ్ళ పాటు విడిభాగాలు ఇస్తామన్న హామీ. ఎల్1 (అందరికంటే తక్కువ ధర చెప్పిన కంపెనీ) ఎవరో తేల్చేటప్పుడు ఈ మొత్తం ధర చూడాలి, ఉత్త పిస్టల్ ధర కాదు. లేకపోతే పిస్టల్ చవగ్గా ఇచ్చి మ్యాగజైన్ల మీద రాబట్టుకుంటారు.

ఇక స్పెసిఫికేషన్ చదివితే ఎవరి కోసం రాశారో చాలావరకు తెలిసిపోతుంది. "బ్యారెల్ పొడవు 114 మి.మీ., మ్యాగజైన్ 17 రౌండ్లు, బరువు ఇన్ని గ్రాములు" అని ఒక్క అంకె మీద మేకు కొట్టినట్టు రాస్తే అది ఒక కంపెనీ బ్రోచర్ నుంచి ఎత్తిన కొలత. సరైన రాత "బ్యారెల్ 100 నుంచి 125 మి.మీ., సామర్థ్యం 15కు తగ్గకుండా" అన్నట్టు ఉంటుంది. కేంద్ర హోంశాఖ ఆమోదించిన నాణ్యతా ప్రమాణాలు, ట్రయల్ ఆదేశాలు చాలా ఆయుధాలకు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి సొంతంగా రాసుకుంటే ఎందుకు రాసుకున్నారో ఫైలులో కారణం ఉండాలి.

అన్నింటికంటే ముందు సింగిల్ టెండర్ దగ్గర ఆగి చూడాలి. కేంద్ర ఆర్థిక నియమాలు 2017లో 166వ నియమం దాన్ని మూడు సందర్భాలకే అనుమతిస్తుంది: తయారీదారు ఒక్కరే కావడం, అత్యవసరం, ఉన్న పరికరాలతో పొత్తు కుదరాల్సి రావడం. రాష్ట్రానికి సొంత నియమావళి ఉన్నా తర్కం ఇదే. "పొత్తు" అనే కారణం పాత మోడలే మళ్ళీ కొంటేనే చెల్లుతుంది. మోడల్ మారుస్తూ పొత్తు పేరు చెబితే ఆ ఒక్క మాట మీదే ఆడిట్ పేరా రాయవచ్చు.

#10 గురి_తప్పదు

అందరూ కొత్త పిస్టల్ మీద పడ్డారు. స్ట్రైకర్ పిస్టల్ (బయట హ్యామర్ లేకుండా లోపలి పిన్నుతోనే పేలే రకం) నేర్పడం తేలిక, ప్రతిసారీ ట్రిగ్గర్ ఒకేలా ఉంటుంది. హ్యామర్ ఎక్కించి సేఫ్టీ పెట్టుకొని మోసే పాత రకంలో ఒత్తిడిలో సేఫ్టీ తీయడం మరిచిపోతారు. శిక్షణ వైపు నుంచి చూస్తే మార్పు అడగడం తప్పు కాదు.

#11 భద్రకాళి_గట్టు

అక్కా, మార్పు తప్పని నేననలేదు. ఆ కారణమే ఫైలులో రాయమంటున్నాను. "శిక్షణ సౌలభ్యం కోసం మోడల్ మారుస్తున్నాం, పాతవి 480 రౌండ్లే కాల్చాయి, వాటిని ఫలానా యూనిట్‌కు బదిలీ చేస్తున్నాం" అని రాస్తే నిజాయితీ. "సర్వీసు కాలం ముగిసింది" అని రాస్తే బాగున్న ఆయుధం తుక్కు జాబితాలోకి పోతుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

#12 గురి_తప్పదు

అది ఒప్పుకుంటాను. రకం మార్చడంలో అమెరికా ఎఫ్‌బీఐ నడిచిన దారి చూడండి. 1986లో మయామి కాల్పుల తర్వాత 9 ఎంఎం బలం చాలదన్నారు. 10 ఎంఎంకు వెళ్ళారు. దాని తన్ను ఎక్కువైంది, తగ్గించిన లోడు వాడారు, అందులోంచి .40 రౌండు పుట్టింది, దేశమంతా పోలీసులు దాని వెనక నడిచారు. 2014లో వాళ్ళ శిక్షణ విభాగమే మెరుగైన బుల్లెట్లతో 9 ఎంఎం చాలని రాసింది, మళ్ళీ 9 ఎంఎం కొన్నారు. సమస్య సగం బుల్లెట్ డిజైన్‌లో ఉంటే తుపాకీని మార్చుకుంటూ పోయారు. ఒక్కో మార్పుకు హోల్స్టర్లు, మ్యాగజైన్లు, రౌండ్లు, శిక్షణ అన్నీ కొత్తగా కొనాల్సి వచ్చింది.

#13 ములుగు_రోడ్

రౌండ్లంటే యాదికొచ్చింది. స్టెర్లింగ్ రకం కార్బైన్ ఓపెన్ బోల్ట్ మీద నడుస్తది, అంటే ట్రిగ్గర్ నొక్కేదాక బోల్టు వెనకనే ఆగి ఉండి, అప్పుడు ముందుకొచ్చి గట్టిగ కొడతది. గట్లాంటి కార్బైన్ల కోసం గట్టి ప్రైమర్ (రౌండు అడుగున ఉండే, దెబ్బకు నిప్పు పుట్టించే మూత) పెట్టి చేసిన 9 ఎంఎం రౌండ్లు కొన్ని స్ట్రైకర్ పిస్టళ్ళల్ల సరిగ్గ పేలవు, ప్రైమర్ మీద చిన్న సొట్ట పడి ఊకుంటది. కాబట్టి ట్రయల్ కంపెనీ తెచ్చిన రౌండ్లతోని చేయొద్దు. ఆర్మరీల ఉన్న లాట్ నుంచి, డ్యూటీకి ఇచ్చే రౌండ్లతోనే చేయాలె. సప్లయి చేసినోని రౌండ్లతోని వంద కొట్టి "పాస్" అని రాస్తే ఆ ట్రయల్‌కు విలువ లేదు.

#14 హసన్‌పర్తి_మూల

మ్యాగజైన్ల గురించి ఒక సందేహం. గార్డు కాడ ఏడాదంతా నింపి పెట్టిన మ్యాగజైన్ స్ప్రింగు మెత్తబడతదంటరు. నిజమేనా?

#15 బోల్ట్‌హెడ్_3

మంచి ఉక్కు స్ప్రింగు ఊకె నొక్కి ఉంచితే అంత తొందరగ చెడది. నింపుడు, ఖాళీ చేసుడు, మల్ల నింపుడు, దాంతోనే అలుస్తది. కని చిన్న పెట్టెల ఎక్కువ రౌండ్లు ఇరికించిన మ్యాగజైన్‌ల స్ప్రింగు హద్దు దాటి నొక్కుకుపోతది, అది నింపి ఉంచినా కుదిస్తది. అసలు ఎక్కువ దెబ్బ మ్యాగజైన్ పై పెదవులకు (రౌండ్లను పట్టి ఉంచే అంచులకు) తగులుతది. కింద పడితే వెడల్పయితయ్, రౌండు ముక్కు పైకి లేచి ఇరుకుతది. ఆ జాములు పిస్టల్ ఖాతాల పడి, పిస్టల్ చెడ్డదని పేరొస్తది.

అందుకే ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింటుతోని నంబర్ ఏయాలె. జామ్ వచ్చిన ప్రతిసారి మ్యాగజైన్ నంబర్ రాయాలె. పది జాములల్ల ఏడు ఒక్క మ్యాగజైన్‌వే అని తేలితే దాన్ని నలగ్గొట్టి పారేస్తే సరి.

#16 ములుగు_రోడ్

నింపి పెట్టుట్ల చెడదు అనే మాట దగ్గర నేను జాగ్రత్తగనే ఉంట. రెండు రౌండ్లు తక్కువ నింపి, మూడు నెలలకు ఒకసారి సెట్టు మార్చుడు మంచిది. పైస ఖర్చు లేదు.

#17 జమ్మికుంట_వాసి

మరి త్రీనాట్‌త్రీల సంగతి ఎవ్వరు చెప్తలేరు? అవి కాల్చుడు భద్రమేనా?

#18 బోల్ట్‌హెడ్_3

భద్రమా కాదా అనేది ఒక్కొక్క రైఫిల్‌కు విడిగ చెప్పాలె. మూడు తప్పులు మళ్ళమళ్ళ కనబడుతయ్.

ఒకటి, బోల్టులు కలిసిపోవుడు. ఇరవై రైఫిళ్లు ఒక్క చాప మీద విప్పి తుడిచి, చేతికందిన బోల్టు చేతికందిన రైఫిల్‌కు పెడతరు. బోల్టు హ్యాండిల్ వెనక ఉన్న నంబర్, బాడీ నంబర్ ఒకటే ఉండాలె. అది కలవకుంటే లగ్గులు రెండు దిక్కుల సమానంగ ఆనవు, హెడ్‌స్పేస్ మారుతది. త్రీనాట్‌త్రీ రౌండు అడుగు అంచు మీద ఆనుతది కాబట్టి దానికి హెడ్‌స్పేస్ అంగుళంల 0.064 నుంచి 0.074, మన లెక్కల 1.63 నుంచి 1.88 మి.మీ. దాటితే కేసు తల కాడ చీలి వేడి గ్యాసు మొఖం మీదికి వస్తది. త్రీనాట్‌త్రీలల్ల నంబర్ 4 రకం రైఫిల్‌కు బోల్టు హెడ్లు 0, 1, 2, 3 అని నంబర్లతోని వచ్చేటివి, పెద్ద నంబర్ ఏస్తే కంత తగ్గుతది. 3 ఏసినా పెద్ద గేజ్ మీద బోల్టు మూసుకుంటుందంటే ఆ రైఫిల్ పని అయిపోయింది. పాత నంబర్ 1 రైఫిల్‌కు గా నంబర్ల సౌకర్యం లేదు, ఒక్కొక్క హెడ్డు పెట్టి చూసుకోవాలె.

రెండు, పాత రౌండ్ల ప్రైమర్ల ఉప్పు ఉంటది. కాల్చినంక ఒట్టి నూనె రాస్తే ఉప్పు పోదు, కింద తుప్పు తింటనే ఉంటది. ముందుగల మరుగుతున్న నీళ్ళు చాంబర్ నుంచి మూతి దాక పోయాలె, వేడికే ఆరుతది, అప్పుడు నూనె. బ్యారెల్ తుడిచే పుల్‌త్రూ తాడు మూతి కాడ ఒక్క పక్కకు రాసుకుంటే అక్కడ గాడి పడి గురి తప్పుతది. తాడు నిటారుగ గుంజాలె.

మూడోది, ఒక్కతీరుగ కనబడేటివి. ఇషాపూర్ ఫ్యాక్టరీల 7.62 ఎంఎంకు చేసిన 2ఏ1 రైఫిల్ చూడడానికి త్రీనాట్‌త్రీ లెక్కనే ఉంటది, మ్యాగజైన్ నలుచదరంగ ఉంటది. 410 మస్కెట్ కూడ అదే బాడీ, కని సింగిల్ షాట్, నున్నటి బ్యారెల్. దాని చాంబర్ త్రీనాట్‌త్రీ కేసు మూతి వెడల్పు చేసినట్టు ఉంటది, బజారుల దొరికే 410 షాట్‌గన్ రౌండుకు కాదు. ఈ మూడు ఒక్క ర్యాకుల ఉంటే బట్టు మీద వేరే వేరే రంగు పట్టి కొట్టాలె, రౌండ్ల పెట్టెల మీద కూడ అదే రంగు.

#19 ఓరుగల్లు_లెక్కలు

ఇక్కడే వరుస తప్పుతోంది. 2008 నవంబర్ 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ రైల్వే స్టేషన్‌లో పోలీసుల చేతిలో ఉన్నవి ఇలాంటి పాత రైఫిళ్లే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. మార్చాల్సిన వరుస ఇది: ముందు గేజ్ తప్పినవి, తర్వాత రౌండ్లు దొరకనివి, తర్వాత రకం పాతబడినవి. ఎనిమిదేళ్ళ పిస్టల్ ఈ మూడింటిలోనూ లేదు.

#20 మానేరు_ఒడ్డు

రిజిస్టర్ల సంగతి మరవొద్దు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా అయిదు జిల్లాలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. కరీంనగర్, ఆదిలాబాద్ కూడ అట్లనే విడిపోయినయ్. ఇట్ల విడిపోయినప్పుడు పంపే యూనిట్ రిజిస్టర్ల "జారీ" అని పడాలె, అందుకునే యూనిట్‌ల "రాక" అని పడాలె, రెండు దిక్కుల అదే వోచర్ నంబర్, అదే బాడీ నంబర్. ఒక పక్క రాసి ఇంకో పక్క రాయకుంటే ఒక్క రైఫిల్ రెండు చోట్ల ఉన్నట్టు, లేకుంటే ఎక్కడా లేనట్టు అయితది. మేడారం జాతర లాంటి బందోబస్తుకు తాత్కాలికంగ పోయినవి కూడ గింతే, జాతర అయినంక తిరిగొచ్చిన వోచర్ రాయాలె.

కేరళల జరిగింది చూడున్రి. 2020 ఫిబ్రవరిల శాసనసభ ముందు పెట్టిన కాగ్ నివేదిక తిరువనంతపురం స్పెషల్ ఆర్మ్‌డ్ పోలీసు బెటాలియన్‌ల 25 ఇన్సాస్ రైఫిళ్లు, 12,061 రౌండ్లు లెక్కకు రాలేదని రాసింది. తర్వాత క్రైం బ్రాంచ్ రైఫిళ్లన్నీ ఉన్నయని తేల్చింది, 13 మణిపూర్‌ల ఉన్నయ్. అంటే రైఫిళ్ల కాడ రాత తప్పు. మరి రౌండ్ల కాడ? 250 రౌండ్ల జాగల నకిలీవి పెట్టిన్రని అదే నివేదికల ఉన్నది. రైఫిల్ లెక్క తప్పితే నంబర్‌తోని వెతకొచ్చు, రౌండుకు విడి నంబర్ ఉండదు.

#21 గురి_తప్పదు

రౌండ్ల మీద నిఘా ఎంప్టీల (కాల్చాక మిగిలే ఖాళీ కేసుల) దగ్గరే పెట్టాలి. ప్రాక్టీసుకు 1,000 ఇస్తే 1,000 ఎంప్టీలు వెనక్కి రావాలి. లెక్కపెట్టి ఊరుకోకూడదు, అడుగున ఉన్న లాట్ గుర్తు, సంవత్సరం ఇచ్చిన లాట్‌తో కలవాలి. తూకం వేసి ఒప్పుకుంటే పాత ఎంప్టీలు కలిపి బరువు సరిచేస్తారు. 2010 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ రాంపూర్‌లో బయటపడిన కార్ట్రిడ్జ్ కేసులో బలగాల ఆర్మరీల నుంచే సరుకు బయటికి పోయింది. 2023 అక్టోబర్‌లో 24 మందికి శిక్ష పడింది.

#22 మానేరు_ఒడ్డు

కాజీపేట_జంక్షన్ మూడో ప్రశ్నకు జవాబు కూడ ఇక్కడనే ఉన్నది. 2018ల బిహార్ ముంగేర్‌ల ఇరవైకి పైగ ఏకే 47లు దొరికినయ్, కూపీ లాగితే జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డ్నెన్స్ డిపో దాక పోయింది. పనికిరావని పక్కకు పెట్టిన ఆయుధాలు, పార్టులు బయటికి తెచ్చి మళ్ళ కూర్చిన్రు. రెండు తుక్కు రైఫిళ్ల నుంచి ఒక మంచి రైఫిల్ తయారు చేసుడు చెయ్యి తిరిగినోనికి పెద్ద పని కాదు. అందుకని కండెమ్ చేసినంక (పనికిరాదని తేల్చినంక) బ్యారెల్ చాంబర్ కాడ, రిసీవర్ నడిమిట్ల, బోల్టు లగ్గుల కాడ గ్యాస్ కటింగుతోని కోయాలె. హ్యాక్సా గీత సరిపోదు, వెల్డింగ్ పెడితే మళ్ళ అతుకుతది. కండెమ్నేషన్ బోర్డు సభ్యుల ముందట నంబర్ చదివి, ఫొటో తీసి, కొలిమికి ఏసి, తూకం రాయాలె. స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్ లాంటివి విడిభాగాలకు తీసుకుంటే ఏ నంబర్ నుంచి తీసిన్రో స్టాకుల ఎక్కియ్యాలె.

#23 హసన్‌పర్తి_మూల

అమెరికాల పాతవి డీలర్‌కే ఇచ్చి కొత్తవాటి ధరల తగ్గించుకుంటరు గద. మన దగ్గర గట్ల చేస్తే పైసలు మిగులుతయ్ కదా?

#24 ఓరుగల్లు_లెక్కలు

అక్కడి చట్టం వేరు, డీలర్ వాటిని జనానికి అమ్మవచ్చు. దాని వెల కూడా చూడండి. అక్కడ తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ఏజెన్సీ ఏటీఎఫ్ లెక్కల్లో 2006 నుంచి 2022 వరకు నేరాల జాడలో తేలిన ఒకప్పటి పోలీసు తుపాకులు 52,529. తగ్గింపు కోసం అమ్మినవి తిరిగి పోలీసుల ముందుకే వచ్చాయి. మన దగ్గర పాత ఏసీకి, కంప్యూటర్‌కు బైబ్యాక్ పెట్టినట్టు ఆయుధానికి పెట్టే ఆలోచన ఎవరైనా చేస్తే అక్కడే ఆపాలి.

#25 కాజీపేట_జంక్షన్

నా మూడు ప్రశ్నలకు జవాబు దొరికింది. సమాచార హక్కు కింద అడుగుదామనుకుంటున్న. గిట్ల రాసిన: "(1) యూనిట్‌ల ఎన్ని పిస్టళ్ళు, ఏ స్టేషన్‌ల ఎన్ని. (2) వాటి సర్వీసు కాలం ముగిసిందని ఎవరు నిర్ణయించిన్రు. (3) కొత్తవి ఎందుకు కొంటున్రు."

#26 భద్రకాళి_గట్టు

మొదటి ప్రశ్న తీసేయండి. ఏ స్టేషన్‌లో ఎన్ని ఆయుధాలున్నాయో బయటపెట్టడం నిజంగానే ప్రమాదం. సమాచార హక్కు చట్టంలో 8(1)(ఎ), 8(1)(జి) (దేశ భద్రత, ప్రాణ భద్రత మినహాయింపులు) చూపి ఆ ఒక్క ప్రశ్న మీద మొత్తం దరఖాస్తు తోసేస్తారు. మూడోది "ఎందుకు" అని ఉంది. చట్టం రికార్డు ఇస్తుంది, వివరణ ఇవ్వదు. కాగితం పేరు పెట్టి అడగాలి: కండెమ్నేషన్ బోర్డు ప్రొసీడింగ్స్ నకలు, తనిఖీలో వాడిన గేజ్‌ల కాలిబ్రేషన్ ధ్రువపత్రం, టెండర్ స్పెసిఫికేషన్, ట్రయల్ నివేదిక, సింగిల్ టెండర్ అయితే దానికి రాసిన కారణం, గత మూడేళ్ళలో విడిభాగాలకు పెట్టిన ఖర్చు. రహస్యమైన అంకెలుంటే 10వ సెక్షన్ కింద వాటిని కప్పి మిగతాది ఇవ్వమని చివర ఒక వాక్యం రాయండి.

రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. 24(4) కింద రాష్ట్రం మినహాయించిన నిఘా, భద్రతా విభాగమైతే అవినీతి ఆరోపణకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. కానీ మీ దగ్గర ఆధారం లేకుండా ఆ మాట రాయకండి.

#27 కాజీపేట_జంక్షన్

మొదటిది తీసేసిన. మూడోది మీరు చెప్పినట్టే మార్చిన. "480 రౌండ్లు" లెక్క కోసం "ప్రతి పిస్టల్ హిస్టరీ షీట్‌ల మొత్తం కాల్చిన రౌండ్లు, నంబర్ కప్పి" అని ఇంకోటి కలిపిన. సోమవారం స్పీడ్ పోస్టు చేస్త.

#28 బోల్ట్‌హెడ్_3

హిస్టరీ షీట్ అని ఒక్కటే రాయకు తమ్మి. ఒక్కో యూనిట్‌ల దాన్ని హిస్టరీ కార్డు అంటరు, లాగ్ బుక్ అంటరు. పోలీసోళ్లకు హిస్టరీ షీట్ అంటే రౌడీల ఫైలు కూడ గదా, "సంబంధం లేదు" అని వాపస్ పంపుతరు. "ఆయుధం వారీగ కాల్పులు, మరమ్మతుల రికార్డు, అది ఏ పేరుతో ఉన్నా" అని రాయి.